726 ఉత్తరాలు

అందరికీ నమస్కారం. ఇక్కడ అమెరికాలో ఫిబ్రవరి నల్లజాతి చరిత్ర నెల కదా, దాని గురించి ఎవరో ఒకరు మాట్లాడాలని మన కమిటీ వాళ్లు అనుకున్నారు. ఆ ఎవరో నేనయ్యాను. నల్లవాళ్ల హక్కుల ఉద్యమ నాయకుడు డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ గురించి చెప్పమన్నారు. మీ పిల్లలు ఆయన మీద బళ్లో ఏటా ప్రాజెక్టులు చేస్తూనే ఉన్నారు, ఆ అట్టలు కత్తిరించి అంటించేది మీరే కాబట్టి ఆయన సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. (నవ్వులు) అందుకని, ఆయన 'ఉద్యమానికి తల్లి' అని పిలిచిన ఒక పంతులమ్మ గురించి చెప్తాను. పేరు సెప్టిమా పాయిన్‌సెట్ క్లార్క్. మనం ఉంటున్న ఈ నార్త్, సౌత్ కరొలైనా రాష్ట్రాల మనిషే.

సౌత్ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో ఆవిడ పేరుతో ఒక పెద్ద రోడ్డుంది. బీచ్‌కి వెళ్తూ మీలో చాలామంది దాని మీద కారు నడిపే ఉంటారు. గట్టిగా వాన పడితే మునిగే రోడ్డు. అది వేసేటప్పుడు నల్లవాళ్ల పేటల మధ్యలోంచి ఇళ్లు కూల్చుకుంటూ వెళ్లారు. తర్వాత దానికి నల్లజాతి పంతులమ్మ పేరు పెట్టారు. ప్రభుత్వాలకు ఇలాంటి తమాషాలు ఏ దేశంలోనైనా అలవాటే.

ఆవిడ 1898 మే 3న చార్ల్‌స్టన్‌లో పుట్టారు. తండ్రి పీటర్ బానిసగా పుట్టిన మనిషి, జోయెల్ పాయిన్‌సెట్ అనే పెద్దమనిషి ఎస్టేట్‌లో. క్రిస్మస్‌కి ప్రతి షాపులోనూ ఎర్రటి ఆకులతో ఒక మొక్క కుండీల్లో పెట్టి అమ్ముతారు చూడండి, పాయిన్‌సెటియా అని, అది ఈ పాయిన్‌సెట్ గారి పేరే. ఆయన మెక్సికో నుంచి తెచ్చిన మొక్కకూ ఆయన పేరే, ఆయన దగ్గర బానిసగా ఉన్న మనిషి పిల్లలకూ ఆయన పేరే. తల్లి విక్టోరియా హైతీలో పెరిగింది. తను ఎవరికీ బానిసను కానని గర్వం. ఇంట్లో కూర్చుని ఊరి బట్టలు ఉతికి పిల్లల్ని పెంచిందిగానీ, తెల్లవాళ్ల ఇళ్లలో పనికి వెళ్లలేదు. తండ్రి నెమ్మది, తల్లి నిప్పు. కూతురికి ఇద్దరివీ వచ్చాయి.

1916లో పద్దెనిమిదేళ్ల వయసులో టీచరయ్యారు. అప్పటికి చార్ల్‌స్టన్ ఊళ్లో నల్లపిల్లలకు సర్కారు బళ్లు ఉన్నాయి, కానీ వాటిలో చెప్పేది తెల్ల టీచర్లే. నల్లవాళ్లకు ఆ ఉద్యోగాలు ఇవ్వరు. ఇస్తే పల్లెటూళ్లలోనే. అందుకని జాన్స్ ఐలాండ్ అనే లంకకు వెళ్లారు. అప్పట్లో వంతెన లేదు, పడవ మీద వెళ్లాలి. చెక్క దుంగల బడి, అద్దాల్లేని కిటికీలు. ఇద్దరు టీచర్లు, 132 మంది పిల్లలు. ఈవిడ హెడ్ కూడా కాబట్టి జీతం 35 డాలర్లు, రెండో టీచరుకు 25. రోడ్డుకి అవతలి పక్కన తెల్లపిల్లల బడి. అక్కడ ముగ్గురు పిల్లలు. వాళ్ల టీచరుకి 85.

ఈ అంకెలు ఇంకోసారి చెప్తాను. 132 మందికి ఇద్దరు టీచర్లు, ఇద్దరి జీతాలూ కలిపితే 60 డాలర్లు. ముగ్గురికి ఒక టీచరు, 85 డాలర్లు. జాతి వివక్ష అనగానే మనకు వేరు వేరు మంచినీళ్ల కుళాయిలు, బస్సులో వెనక సీట్లు, దెబ్బలూ తిట్లూ గుర్తొస్తాయి. ఇది మాత్రం జీతాల రిజిస్టరులో, సంతకాలతో సహా, చట్టబద్ధంగా నడిచిన వివక్ష. సెప్టిమా క్లార్క్ జీవితమంతా కొట్లాడింది ఎక్కువగా ఇలాంటి కాగితాలతోనే.

ఆ బళ్లో పుస్తకాలు లేవు. పిల్లలు తమ చుట్టూ ఉన్న చెట్టూ పుట్టా గురించి చెప్తుంటే, లాండ్రీ బట్టలు పెట్టే పెద్ద కాగితపు సంచుల మీద ఆ మాటలే రాసి, గోడకు కొట్టి, వాటితోనే చదువు నేర్పారు. సాయంత్రాలు పెద్దవాళ్లు వచ్చేవారు. చర్చిలోనో, తమ సంఘంలోనో లేచి నాలుగు మాటలు మాట్లాడాల్సి వస్తోంది, చూసి చదవడం నేర్పమ్మా అని. ఇది గుర్తుపెట్టుకోండి. నలభై ఏళ్ల తర్వాత దేశమంతా పాకిన పని ఇక్కడ ఈ సాయంత్రాల్లోనే మొదలైంది. అప్పటికి ఆవిడకే ఆ సంగతి తెలియదు.

1919లో ఊళ్లోకి తిరిగొచ్చి, నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో చేరి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేశారు. చార్ల్‌స్టన్ బళ్లలో నల్ల టీచర్లను తీసుకోవాలని. మరుసటేడు తీసుకోక తప్పలేదు. సొంత జీవితం మాత్రం ఆవిడకు అంత కలిసి రాలేదు. నావికుణ్ణి పెళ్లి చేసుకున్నారు. మొదటి బిడ్డ నెల తిరక్కుండానే పోయింది. కొడుకు పుట్టిన సంవత్సరమే, 1925లో, భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు. టీచరు జీతంతో పిల్లాణ్ణి పెంచలేక నార్త్ కరొలైనాలో అత్తామామల దగ్గర ఉంచాల్సి వచ్చింది.

తర్వాత సౌత్ కరొలైనాలోనే కొలంబియా నగరంలో పద్దెనిమిదేళ్లు పనిచేశారు. అక్కడ నల్ల టీచర్లకూ తెల్ల టీచర్లకూ ఒకే జీతం ఇవ్వాలని 1945లో కేసు నడిచింది. ఈవిడ దానికి సాక్ష్యాలూ కాగితాలూ సమకూర్చారు. నల్ల టీచర్ల తరఫు వకీలు థర్గుడ్ మార్షల్, తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్లిన మొదటి నల్లజాతి జడ్జి ఆయనే. కేసు గెలిచారు. సమాన జీతం ఇవ్వాల్సి వచ్చేసరికి రాష్ట్రం వాళ్లు టీచర్లకో పరీక్ష పెట్టారు, పాసైతేనే పెంపు అని. ఈవిడ రాసి నెగ్గారు, జీతం మూడింతలైంది. ఉద్యోగం చేస్తూనే వేసవి సెలవుల్లో చదువుకుంటూ 1942లో బి.ఏ., 1946లో ఎం.ఏ. పూర్తి చేశారు. అప్పటికి ఆవిడ వయసు 48.

ఇక అసలు సంగతికి వస్తాను.

1954లో సుప్రీంకోర్టు, నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరువేరు సర్కారు బళ్లు పెట్టడం చెల్లదంది. దక్షిణాది రాష్ట్రాలు కోర్టుని ఏమీ చెయ్యలేక ఎన్‌ఏఏసీపీ మీద పడ్డాయి. 1956లో సౌత్ కరొలైనా ఒక చట్టం చేసింది. ప్రభుత్వ ఉద్యోగులెవరూ అందులో సభ్యులుగా ఉండకూడదు. టీచర్లందరికీ ఫారాలు పంచారు, ఏయే సంఘాల్లో ఉన్నారో రాసివ్వమని. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేశారు. అప్పటికి మళ్లీ చార్ల్‌స్టన్‌లో పనిచేస్తున్న ఈవిడ ఎన్‌ఏఏసీపీ అని శుభ్రంగా రాసిచ్చారు. ఉద్యోగం పోయింది. నలభై ఏళ్ల సర్వీసు, 58 ఏళ్ల వయసు. పెన్షన్ కూడా లేదన్నారు.

అప్పుడావిడ తన పేరుతో సంతకం పెట్టి నల్ల టీచర్లకు ఉత్తరాలు రాశారు. 726 ఉత్తరాలు. ఈ చట్టం అన్యాయమని మనమందరం కలిసి చెబుదాం, రండి అని. జవాబు రాసింది 26 మంది. వెళ్లి సూపరింటెండెంట్‌తో మాట్లాడదామంటే పదకొండుమంది సరేనన్నారు. తీరా ఆ రోజుకి కనిపించింది అయిదుగురు.

ఆవిడ సభ్యురాలిగా ఉన్న మహిళా సంఘం సన్మానం చేసింది. వచ్చారు, చప్పట్లు కొట్టారు, భోజనాలు చేశారు. ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పక్కన నిలబడటానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ ఫొటో స్కూలు అధికారుల కంట పడితే తమ ఉద్యోగాలూ పోతాయని.

ఆ ఏడువందల మందిని తిట్టడం చాలా తేలిక. నాకైతే నోరు రాదు. ఇంటి లోనుంది, పిల్లల చదువులున్నాయి, పెన్షన్‌కి ఇంకా కొన్నేళ్లే ఉంది. మన హాల్లో ఎంతమంది వీసా మీద ఉన్నారు? చేతులెత్తక్కర్లేదు. (నవ్వులు) కంపెనీ కాగితం మీద మన ఇల్లు, పిల్లల బడి, ఊళ్లో అమ్మానాన్నల మందులు అన్నీ ఆధారపడి ఉన్నప్పుడు, ఒక సంతకం పెట్టాలంటే ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ 726 ఉత్తరాల్లో ఒకటి నాకు వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణో నేను గ్యారంటీ ఇవ్వలేను.

ఆవిడ కూడా వాళ్లను తిట్టలేదు. అది తన జీవితంలో పెద్ద ఓటమి అనుకున్నారు. సిద్ధంగా లేని మనుషుల్ని ముందుకు తొయ్యబోయాను, ముందు వాళ్లను సిద్ధం చెయ్యాలి కదా అనుకున్నారు. నాకు ఆవిడలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. తన వెంట ఎవరూ రాకపోతే నాయకులు సాధారణంగా జనాన్ని శపిస్తారు. ఈవిడ సిలబస్ మార్చారు.

టెనెసీ కొండల్లో హైలాండర్ అనే శిక్షణ కేంద్రం ఉండేది, మైల్స్ హోర్టన్ అనే తెల్లాయన నడిపేవాడు. నల్లా తెల్లా ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేసే చోటు ఆ రోజుల్లో దక్షిణాదిలో దాదాపు ఇదొక్కటే. ఉద్యోగం పోకముందు నుంచే ఈవిడ సెలవుల్లో అక్కడికి వెళ్లి తరగతులు చెప్పేవారు. 1955 వేసవిలో ఒక తరగతికి అలబామా నుంచి ఒక కుట్టుపని చేసే ఆవిడ వచ్చింది. మహా మొహమాటం, నోరు విప్పడమే కష్టం. మీ ఊరెళ్లి ఏం చేస్తావమ్మా అని అందర్నీ అడిగినట్టే అడిగితే, మా మాంట్‌గమరీలో ఏమీ జరగదండీ, మావాళ్లు కలిసి నిలబడరు, పిల్లలతో ఏదన్నా చేస్తాను అంది. ఆవిడ రోసా పార్క్స్. అదే డిసెంబరు 1న బస్సులో తెల్లవాళ్ల కోసం తన సీటు ఖాళీ చెయ్యనంది. మాంట్‌గమరీ నల్లజనం ఏడాదికి పైగా బస్సెక్కలేదు.

ఉద్యోగం పోయాక హైలాండర్ వాళ్లే ఈవిడను పనిలోకి తీసుకున్నారు. అప్పుడు జాన్స్ ఐలాండ్ మళ్లీ కథలోకి వస్తుంది. ఆ లంకలో ఈసా జెన్కిన్స్ అనే ఆయన బస్సు నడిపేవాడు, కూలీలను పొద్దున్నే చార్ల్‌స్టన్‌కి చేరవేసేవాడు. ఓటు నమోదు చేసుకోవాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చదివి, రాసి చూపించాలి. లేదా 300 డాలర్ల విలువైన ఆస్తయినా ఉండాలి. కూలీలకు రెండూ లేవు. బస్సులో వెళ్తూ ఆ రాజ్యాంగం ముక్కలు ఆయన వాళ్లకు చదివి వినిపించేవాడు. ఒకావిడ మొత్తం బట్టీపట్టేసింది. అయినా ఆవిడకు తృప్తి లేదు, నాకు నిజంగా చదవడం నేర్పు అంది. ఆయన బడి పెట్టడానికి చోటు కోసం తిరిగాడు. నల్లవాళ్ల హైస్కూలు ప్రిన్సిపాల్ ఇవ్వనన్నాడు, చర్చి పాస్టరు ఇవ్వనన్నాడు. భయం. దాంతో హైలాండర్ దగ్గర అప్పు తీసుకుని ఒక పాత స్కూలు బిల్డింగ్ కొన్నారు. ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టారు, వెనక గదుల్లో బడి. దారినపోయే తెల్లవాళ్లకు ఉప్పూ పప్పూ కొట్టే కనిపిస్తుంది.

మరి టీచరు ఎవరు? ట్రైనింగైన టీచరు వద్దే వద్దన్నారు క్లార్క్. చదువురాని పెద్దవాళ్లను చిన్నపిల్లల్లా చూస్తారని ఒక కారణం. ఉత్తరాల అనుభవం రెండో కారణం. బెర్నిస్ రాబిన్సన్ అని ఈవిడకు వరసకు చెల్లెలు. ఆడవాళ్లకు జుట్టు సింగారించే పని, కుట్టుపని చేసుకునేది. టీచరు పని నాకు రాదు మొర్రో అన్నా వినలేదు. బెర్నిస్ దగ్గరికి వచ్చేవాళ్లంతా నల్ల ఆడవాళ్లే. ఆవిడకు పై అధికారి లేడు, ఫారం నింపమనేవాడు లేడు. తెల్లవాళ్లకు కోపమొచ్చినా ఆవిడ నోట్లో మట్టి కొట్టలేరు. జీతగాళ్లు నిలబడలేని చోట ఇలాంటివాళ్లు నిలబడగలరని క్లార్క్ కనిపెట్టారు. తర్వాత ఊరూరా ఇదే పద్ధతి: బ్యూటీ పార్లర్ ఆవిడో, సొంత పొలం ఉన్న రైతో.

1957 జనవరి 7 రాత్రి బడి మొదలైంది. 14 మంది వచ్చారు. వారానికి రెండు రాత్రులు, పొలం పనులు లేని రెండు మూడు నెలలు. బెర్నిస్ పిల్లల వాచకాలు పట్టుకెళ్లింది, చూడగానే ఇవి పనికిరావని అర్థమైపోయింది. నేను టీచర్ని కాను, మీరు ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో చెప్పండి, అందరం కలిసి నేర్చుకుందాం అంది. ఎవరూ రాజ్యాంగం అనలేదు. పేరు రాసుకోవాలి, బైబిలు చదవాలి. దూరాన ఉన్న కొడుక్కి ఉత్తరం రాసుకోవాలి, అది పక్కింటివాళ్ల చేత రాయించకూడదు. మనీ ఆర్డర్ ఫారం నింపాలి. సియర్స్ అనే కంపెనీ సరుకుల కేటలాగ్ చూసి సొంతంగా ఆర్డర్ పెట్టాలి. ఇవే పాఠాలయ్యాయి. లెక్కలంటే కొట్లో కొన్న సరుకు లెక్కలు.

సంతకం నేర్పే పద్ధతి చూడండి. అట్టముక్క మీద మనిషి పేరు పల్లంగా చెక్కేవారు. పెన్సిల్ ఆ గాడిలో పెట్టి మళ్లీ మళ్లీ తిప్పించేవారు, చేతికి దారి తెలిసేదాకా. నాగలి పట్టిన చేతులు, పెన్సిల్ పట్టుకుంటే పటుక్కున విరిగేది. సిగ్గుపడి లేచి వెళ్లిపోతారేమో అని, విరగ్గానే ఏమీ అనకుండా ఇంకోటి చేతికిచ్చేవారు. ఆ ప్రోగ్రాంలో పెన్సిళ్లు డజన్ల లెక్కన కొనేవారు. అరవై దాటిన ఒకావిడ, కొన్ని వారాల తర్వాత బోర్డు మీద పేర్ల మధ్య తన పేరు గుర్తుపట్టి, పుల్లతో చూపించి, అది నా పేరు అంది. రాజ్యాంగం పాఠం దాని తర్వాతే వచ్చింది. ఆ మొదటి బ్యాచ్‌లో ఎక్కువమంది వెళ్లి ఓటరుగా నమోదయ్యారు.

నెల్లూరు జిల్లావాళ్లు ఇక్కడ ఉన్నారు, మీకు దూబగుంట గుర్తొచ్చే ఉంటుంది. రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి ఎలా వెళ్లారో మనం చూశాం. ఆ ఆడవాళ్లకు సెప్టిమా క్లార్క్ ఎవరో తెలియదు. కానీ రాత్రిపూట పదిమంది ఒక దీపం దగ్గర కూర్చుంటే ఏమవుతుందో సారా కాంట్రాక్టర్లకు తెలిసొచ్చింది, సౌత్ కరొలైనా షెరీఫులకూ తెలిసొచ్చింది.

తెలిసొచ్చాకే కదా దాడులు. 1959 జులై 31 రాత్రి పోలీసులు హైలాండర్ మీద పడ్డారు. ఈవిడను అరెస్టు చేశారు, అక్రమంగా మద్యం ఉంచుకున్నారని. జీవితంలో చుక్క ముట్టని 61 ఏళ్ల పంతులమ్మ. ఆ కేసు నిలవలేదుగానీ, తర్వాత హైలాండర్‌నే మూయించారు. 1961లో ఈ బళ్ల పని మొత్తం డాక్టర్ కింగ్ సంస్థ తీసుకుంది. జార్జియాలో డార్చెస్టర్ అనే చోట కేంద్రం. క్లార్క్, డొరతీ కాటన్, ఆండ్రూ యంగ్ ముగ్గురూ కలిసి నడిపారు. బస్సుల్లో ఊళ్లనుంచి మనుషుల్ని తెచ్చి, కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి, వెళ్లి మీ ఊళ్లో బడి పెట్టండని పంపేవారు. 1957 నుంచి 1970 వరకు ఇలాంటి బళ్లు 897 నడిచాయని ఆవిడ లెక్క.

అందరూ క్షేమంగా ఇళ్లకు చేరలేదు. 1963 జూన్‌లో చార్ల్‌స్టన్‌లో ఇలాంటి శిక్షణకే వచ్చి తిరిగి వెళ్తున్నవాళ్లను మిసిసిపీలోని వినోనాలో బస్సు దిగాక అరెస్టు చేసి, జైల్లో పడేసి కొట్టారు. మిసిసిపీలో ఓటు హక్కు కోసం పోరాడిన ఫానీ లూ హేమర్ అందులో ఉన్నారు. ఆ దెబ్బలకు ఆవిడ కిడ్నీ జీవితాంతం దెబ్బతింది. పేరు రాయడం నేర్పే బడికి ఇంత భయపడ్డారంటే, ఆ పేరు ఓటర్ల జాబితాలోకి వెళ్తుందని.

ఇంకొకటి చెప్పకపోతే ఆవిడ ఒప్పుకోరు. డాక్టర్ కింగ్ సంస్థలో పెద్దలంతా పాస్టర్లు, మగవాళ్లు. ఈవిడ కార్యవర్గంలో ఎందుకున్నారని కింగ్ గారి కుడిభుజం రాల్ఫ్ అబర్నతీ మీటింగులోనే అడిగేవాడట. డాక్టర్ కింగ్‌కి ఈవిడ ఒకసారి ఉత్తరం రాశారు: ప్రతి ఊరేగింపుకీ మీరే ముందు నడవకండి, ఆయా ఊళ్లవాళ్లను నడవనివ్వండి, నాయకులు అలా తయారవుతారు అని. ఆయన అది సిబ్బంది ముందు చదివితే అందరూ నవ్వారు. 1964లో నోబెల్ బహుమతి తీసుకోవడానికి ఓస్లో వెళ్లేటప్పుడు ఆయనే ఈవిడను వెంట తీసుకెళ్లాడు, అదీ నిజమే. గౌరవం ఇచ్చారు, మాట వినలేదు. ఈ రెండూ ఒకేచోట ఎలా ఉంటాయో మన సంఘాల్లో పనిచేసిన ఆడవాళ్లను అడగండి. (చప్పట్లు, నవ్వులు) ముందు వరసలో ఎవరూ నవ్వలేదు, గమనించాను.

1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది, ఆ చదువు పరీక్షలు పోయాయి. అదే ఏడాది, అదే కాంగ్రెసు, అక్టోబరు 3న వలస చట్టం మార్చింది. అంతకుముందు ఇండియాకిచ్చిన కోటా ఏడాదికి వంద మంది. వంద! మన పెదనాన్నలు, మేనమామలు డాక్టర్లుగా, ఇంజినీర్లుగా ఇక్కడికి రాగలిగింది ఆ కొత్త చట్టంతో. జాతి చూసి మనిషిని కొలవడం తప్పని ఈ దేశం చేత ఒప్పించింది ఎవరు? మనమైతే కాదు, మనం అప్పటికి రానేలేదు. ఈ మాట మన పార్టీల్లో నల్లవాళ్ల గురించి కొందరు మాట్లాడే మాటలు విన్నప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. ఇంతకంటే అనను.

ఆవిడ 1987 డిసెంబరు 15న జాన్స్ ఐలాండ్‌లోనే పోయారు. దానికి ముందు జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 1970లో రిటైరై ఊరికొచ్చాక ఊరుకోలేదు, పెన్షన్ సంగతి తేల్చమని పోరుపెట్టారు. డెబ్బై అయిదు దాటాక, ఏ ఊళ్లో తనను పంతులమ్మ ఉద్యోగంలోంచి తీసేశారో ఆ చార్ల్‌స్టన్ స్కూలు బోర్డుకే పోటీచేసి గెలిచారు. రెండుసార్లు. 1976లో గవర్నరు, 1956లో తీసెయ్యడం అన్యాయమేనని ఒప్పుకుని పెన్షన్ పునరుద్ధరించాడు. ఇరవై ఏళ్లు పట్టింది. అప్పటికి ఆవిడ బోర్డు మీటింగుల్లో కూర్చుని టీచర్ల జీతాల కాగితాలే చూస్తున్నారు.

నాకిచ్చిన టైము అయిపోయిందని వెనకనుంచి సైగ చేస్తున్నారు. సిటిజన్‌షిప్ వచ్చి ఇంకా ఓటరుగా నమోదు కానివాళ్లకు ఫారాలు తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి, పెన్నులు కూడా పెట్టాం. ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి.